సార్ కడిగిన ఎలక్ట్రోడ్లు

పేపర్లో నా మోచేయి పడిన రోజు నుంచి చెప్పడం మొదలుపెడతాను. జిల్లా ఎడిషన్, లోపలి పేజీ. మా సార్ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, అగ్గిపెట్టెంత నల్లటి ముక్కను రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని నవ్వుతున్నారు. ఫోటో అంచున ప్లాస్టిక్ డబ్బా పట్టుకున్న చేయి ఒకటి మోచేతి దాకా కనిపిస్తుంది. ఆ చేయి నాది. ఆ డబ్బా నాది. ఆ నల్లటి ముక్క కూడా నాదే. కింద రాసిన వార్తలో మాత్రం, పేడనీళ్ళ నుంచి కరెంటు తీసే కొత్త ఎలక్ట్రోడ్‌ను సార్ కనిపెట్టారని ఉంది. నా పేరు లేదు. 'విద్యార్థుల సహకారంతో' అనే అరముక్క కూడా లేదు.

కుప్పంలో మా హాస్టల్ మెస్‌లో ఉప్మా తింటూ చదివాను దాన్ని. ఒళ్ళు మండిపోయింది. పక్కన కూర్చున్న అమ్మాయి, "మీ సార్ ఫోటోలో బాగుండాడే" అంది. ఆ పిల్లతో వారం రోజులు మాట్లాడలేదు. పాపం, ఆమె చేసిన తప్పేమీ లేదు. కానీ నా కోపం అప్పటికే ఎవరి మీద పడితే వాళ్ళ మీద పడే స్థితికి వచ్చేసింది.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిన కాలమది. నేను కుప్పంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ముగించి, అక్కడే పీహెచ్‌డీలో చేరాను. సార్ నా గైడ్. మా జిల్లా మనిషి కాదు. నేను ఏదైనా చెప్పబోతే మధ్యలో ఆపి, "ఉండాది కాదమ్మా, ఉంది అనాలి" అని సరిదిద్దేవారు. సరిదిద్దాక, నేను చెప్పబోయిన సంగతి ఏమిటో అడగడం మరిచిపోయేవారు.

పని ఏమిటో తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. పేడనీళ్ళలో కంటికి కనిపించని సూక్ష్మజీవులుంటాయి. గాలి తగలకుండా మూతపెట్టి వాటికి తిండి వేస్తే, తిన్నది అరిగించుకునేటప్పుడు కాస్త కరెంటు వదులుతాయి. దాన్ని అందుకోవడానికి ఆ నీళ్ళలో ముంచి పెట్టే కడ్డీనో పలకనో ఎలక్ట్రోడ్ అంటాం. దాని నుంచి ఒక తీగ బయటికి వచ్చి, గాలి తగిలే చోట పెట్టిన ఇంకో ఎలక్ట్రోడ్‌కు కలుస్తుంది. అంతే. డబ్బా ఎవరైనా తెస్తారు, పేడ ఎక్కడైనా దొరుకుతుంది. ఎలక్ట్రోడ్ మంచిదైతేనే కరెంటు. లేకపోతే పేడనీళ్ళు పేడనీళ్ళుగానే ఉండిపోతాయి.

మొదట్లో టార్చిలైటు బ్యాటరీలు పగలగొట్టి, లోపలి నల్లకడ్డీలు తీసి వాడాను. వచ్చిన కరెంటు చూస్తే నవ్వొచ్చేది. విదేశాల నుంచి కార్బన్ గుడ్డ తెప్పించాలన్నారు సార్. అది తెప్పించే స్తోమత మా డిపార్ట్‌మెంటుకు లేదని ఆయనకూ తెలుసు. ఆ మాట అనేసి ఆయన తన గదిలోకి వెళ్ళిపోయారు. పేడ వాసన ఆయనకు పడదు. ల్యాబ్ గడప దగ్గరే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునేవారు. నా రీడింగులు మాత్రం ఆయన టేబుల్ మీదికి చేరాలి, నీట్‌గా టైపు చేసి.

నాకు పేడ వాసన కొత్త కాదు. మాది పుంగనూరు. ఇంట్లో పొట్టి ఆవులు, వాటి వెనకాల తిరిగే మా అమ్మ, ఆమె వెనకాల పేడతట్ట పట్టుకుని నేను. బడికి పోయే ముందు పిడకలు కొట్టడం నా పని. పక్కింటి వాళ్ళు సిమెంటుతో కొత్త గోడ కట్టి, నున్నగా పూత పూయించినప్పుడు, దాని మీద కొట్టిన పిడకలు ఎండకముందే జారి కింద పడేవి. మా మట్టిగోడ మీద కొట్టినవి పీకినా వచ్చేవి కావు. బ్యాటరీ కడ్డీని చేతిలో తిప్పి చూస్తుంటే, అదీ ఆ సిమెంటు గోడ మాదిరే నున్నగా ఉందని తట్టింది. సూక్ష్మజీవులకు పట్టుకుని కూర్చోవడానికి గరుకు కావాలి, సందులు కావాలి. అవి ఒకదాని మీద ఒకటి పేరుకుని, పాచిలాగా, జిగురుగా ఒక పొర కడతాయి. కరెంటు ఇచ్చేది ఆ పొరే. ఎలక్ట్రోడ్ దాన్ని మోసే గోడ మాత్రమే.

అలాంటి గోడ కోసం వెతుకుతూ మదనపల్లెకు పోయాను. తొంభైల్లో అక్కడే మా చిన్నమ్మ ఇంట్లో ఉండి డిగ్రీ చదివాను. చిన్నమ్మ వాళ్ళది పట్టుదారం తీసే పని. ఉడుకునీళ్ళలో పట్టుగూళ్ళు తేలుతుంటాయి. దారమంతా చరకా మీదికి పోయాక, అడుగున కాగితం మాదిరి పల్చటి పొరలు, పాడైన గూళ్ళు మిగిలిపోతాయి. ఆ మూడేళ్ళూ నా జడలో ఆ వాసనే. కాలేజీలో నా వెనక బెంచీలో కూర్చోవడానికి అమ్మాయిలు వంతులు వేసుకునేవాళ్ళు. ఆ పనికిరాని గూళ్ళను భూతద్దం కింద పెట్టి చూస్తే, లోపలంతా సన్నటి పోగుల అల్లిక, ఎటు చూసినా సందులే. వీటిని బొగ్గు చేస్తే ఎట్లా ఉంటుందా అనుకున్నాను.

"యాలమ్మే ఈ చెత్తంతా?" అని అడిగింది చిన్నమ్మ, నేను గోనెసంచికి ఎత్తుకుంటుంటే.

"కరెంటు తీస్తా చిన్నమ్మా."

"ఈడ కరెంటు ఉంటే కదా నువ్వు తీసేదానికి. పొద్దున్నించి కరెంటు లేదు," అని ఇంకో రెండు దోసిళ్ళు వేసింది.

బొగ్గు చేయడం అనుకున్నంత సులువు కాలేదు. మొదట మా ఇంట్లో పాలు కాగే పిడకల దాలిలో, మట్టి ముంతలో మూతపెట్టి కాల్చాను. నల్లగా ముచ్చటగా వచ్చాయి. మీటరు పెట్టి చూస్తే కరెంటు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు పోనేపోదు. దాలి వేడి పాలకు సరిపోతుంది గానీ దీనికి చాలదు. ఎర్రగా కాలితేనే ఆ బొగ్గులో కరెంటు పారుతుంది. అప్పుడు మా వీధి చివర కమ్మరి కొలిమికి పోయాను. గూళ్ళను ఇనుప గొట్టంలో పెట్టి, చుట్టూ బొగ్గుపొడి దట్టించి, గాలి చొరకుండా రెండు పక్కలా బిగించి, ఎర్రటి నిప్పుల్లో పెట్టించాను. కమ్మరాయన తిత్తి ఊదుతూ, "ఏందమ్మా, పురుగులిండ్లు కాలుస్తాండావు, పాపం రాదా?" అన్నాడు. ఆయనే మరుసటి వారం నుంచి నేను వస్తే కొలిమి ఖాళీ చేసి పెట్టేవాడు.

వేడి ఎక్కువైతే పొడైపోయేవి, తక్కువైతే పనికొచ్చేవి కావు. సరిగ్గా కాలినవి కూడా అప్పడాల్లాగా విరిగేవి. విరక్కుండా ఉండడానికి టీ వడపోసే స్టీలు జల్లెడలు కొని, కత్తిరించి, రెండు జల్లెడ ముక్కల మధ్య బొగ్గుగూళ్ళను పేర్చి కుట్టాను. ఒక వేసవి అంతా శనాదివారాలు కుప్పం నుంచి పుంగనూరుకు, పుంగనూరు నుంచి మదనపల్లెకు బస్సుల్లోనే గడిచిపోయాయి. పలమనేరు బస్టాండులో బస్సు మారేటప్పుడు సంచిలోని నల్లముక్కలను చూసి కండక్టరు, "ఏమ్మా, బొగ్గులు గూడా టికెట్టు లేకుండా తెస్తాండావా?" అనేవాడు.

ఆ ఎలక్ట్రోడ్‌లు వేసి, మా ఆవుల పేడనీళ్ళు పోసి, మదనపల్లె మార్కెట్‌యార్డులో పారబోసే మెత్తటి టమాటాలు పిండిన రసం తిండిగా వేస్తూ నెలలు కాపాడాను. నల్లటి ముక్కల మీద మెల్లగా పల్చటి జిగురు పట్టింది. ఊదా రంగు కలిసిన మట్టి రంగులో, పాచిలాగా. నాలుగు డబ్బాలను వరుసగా తీగలతో కలిపి, బజారులో కొన్న చిన్న టేబుల్ గడియారానికి బ్యాటరీ బదులు తగిలించాను. సెకన్ల ముల్లు ఒకసారి వణికి, ముందుకు దూకింది. తర్వాత ఆగలేదు. పేడతో గడియారం నడుస్తున్నది. సంతోషం పట్టలేక ల్యాబ్‌లో ఒక్కదాన్నే గట్టిగా నవ్వుకున్నాను.

ఆ మధ్యాహ్నం సార్ రుమాలు కూడా అడ్డం పెట్టుకోకుండా లోపలికి వచ్చారు. గడియారం చూశారు. "గుడ్" అన్నారు. ఎలా కాల్చాను, ఎంతసేపు కాల్చాను, జల్లెడ ఎక్కడ కొన్నాను, అన్నీ అడిగి రాసుకున్నారు. నేను పొంగిపోయి అన్నీ చెప్పాను. ఆ పొంగిపోవడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత. తర్వాత హైదరాబాదులో ఏదో సెమినారుకు వెళ్ళి, తన పేరుతో చదివి వచ్చారు. వచ్చిన వారానికి పేపరువాళ్ళు ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటో సంగతే మొదట చెప్పాను.

పేపరు పట్టుకుని ఆయన గదికి పోయాను.

"సార్, ఇందులో నా పేరు లేదు."

ఆయన తల ఎత్తలేదు. "థీసిస్‌లో నీ పేరే కదమ్మా ఉంటుంది."

"ఎలక్ట్రోడ్ నేను చేసింది సార్."

అప్పుడు తలెత్తారు. కోపంగా కాదు, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు. "పిడకలు కొట్టుకునే ఇంటి నుంచి వచ్చి, కమ్మరి కొలిమిలో కాల్చి తెచ్చానంటే ఎవరైనా నమ్ముతారా? నా పేరు మీద ఉంటేనే దీనికి విలువ. నువ్వు చేతిపని చేశావు, కాదనను. ఆలోచన నాది."

బయటికి వచ్చాక రావలసిన మాటలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి, ఎవరికీ వినిపించకుండా. ఆ సాయంత్రం రైల్వేస్టేషన్ దాకా నడుచుకుంటూ పోయి, బెంగుళూరు పోయే రైళ్ళు చూస్తూ కూర్చున్నాను. ఈయన్ను నలుగురిలో తల దించుకునేలా చేయకపోతే నేను నేను కాదు అనుకున్నాను. ఇలాంటివి అందరూ అనుకుంటారు, ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటారు. నేనూ అన్నం తిన్నాను. కానీ మరిచిపోలేదు.

ఏం చేయగలను? పైవాళ్ళకు ఫిర్యాదు చేస్తే గైడ్ సంతకం లేకుండా నా చదువు అక్కడికే ఆగిపోతుంది. మానేసి పోతే ఎలక్ట్రోడ్ ఆయనదే అయిపోతుంది, ఎప్పటికీ. పుంగనూరులో అమ్మతో చెప్తే, ఆమె పాలు పితుకుతూ అంతా విని, "దూడను ఈనేది ఆవు. పాలు పిండుకునేది మనం. దానికి కోపం వస్తే ఏం చేస్తాది?" అంది.

"తంతాది."

"నువ్వు యాల తన్నలేదు మరి?" అని చెంబు పక్కన పెట్టింది. మా అమ్మ ఎవరికైనా ఓదార్పు చెప్పగా నేను చూడలేదు.

ఆ తర్వాత కబురు వచ్చింది. సార్ పెద్ద ప్రాజెక్టు కోసం దరఖాస్తు పెట్టుకున్నారట. దాన్ని పరిశీలించడానికి బెంగుళూరు నుంచి కమిటీ వస్తున్నది. వాళ్ళ ముందు గడియారం నడిపించి చూపించాలి. నడిస్తే ప్రాజెక్టు మంజూరు, ఆ ఎలక్ట్రోడ్ మీద ఆయన పేరు రాతిలో చెక్కినట్టే. ఆ తర్వాత నేను ఎంత మొత్తుకున్నా, గురువు మీద ఏడ్చే పిల్లగానే మిగిలిపోతాను. ఆ వారం రోజులూ డబ్బాలకు రసం పోసేటప్పుడల్లా చేతులు ఆగేవి. పోయడం మానేస్తే చాలు, గడియారం ఆగిపోతుంది. కానీ అవి నేను పెంచినవి. నా తిండి మీద బతికేవి. మానలేకపోయాను.

వాళ్ళు వచ్చేది ఆయుధపూజ మరుసటి రోజు. మా ల్యాబ్‌లో దసరా సెలవులకు ముందే ఆ పండుగ ఘనంగా జరిగేది. త్రాసులు, పొయ్యిలు, గ్యాసు సిలిండర్లు, ఆఖరికి మూలనున్న పాత ఫ్రిజ్ కూడా కడిగించుకుని, పసుపు రాయించుకుని, కుంకుమబొట్టు పెట్టించుకునేవి. సార్‌కు ఈ విషయంలో పట్టింపు ఎక్కువ. దుమ్ముతో, జిడ్డుతో ఉన్న వస్తువుకు బొట్టు పెట్టకూడదు, ముందు శుభ్రంగా కడగాలి, తర్వాతే పసుపు. ప్రతి ఏడూ అటెండరు చేత దగ్గరుండి కడిగించేవారు.

ఆ రోజు పొద్దున నేను పూలు తెచ్చి తలుపు దగ్గరికి వచ్చేసరికి, లోపల నీళ్ళ చప్పుడు. సింకు దగ్గర సార్ స్వయంగా నిలబడి ఉన్నారు. చేతులకు తొడుగులు కూడా లేవు. నా నాలుగు డబ్బాల మూతలు తీసి ఉన్నాయి. పాత పేడనీళ్ళు మోరీలో పోయించేశారు. మొదటి ఎలక్ట్రోడ్‌ను సబ్బునీళ్ళలో ముంచి, పళ్ళు తోముకునే బ్రష్షుతో రుద్దుతున్నారు. పక్కనే వేడినీళ్ళ గిన్నె, పసుపు కలిపిన ఇంకో గిన్నె.

ఆయన కెమిస్ట్రీ మనిషి. జీవితమంతా ఎలక్ట్రోడ్ అంటే రుద్ది, మెరుగుపెట్టి, తళతళలాడించాకే ద్రావణంలో ముంచాలని పిల్లలకు చెప్పిన మనిషి. లోహపు కడ్డీలకు అది సరైన పద్ధతే. ఆయనకు కనిపించింది నల్లటి బొగ్గుముక్క మీద కంపు కొట్టే పాచి. పెద్దవాళ్ళు వస్తున్నారు, పైగా ఆయుధపూజ, ఇంత మురికిగా ఉంటే ఎలా అనుకున్నారు. రెండు మంచి అలవాట్లు కలిసి ఆయన చేతికి బ్రష్షు ఇచ్చాయి.

నేను గడప దగ్గర నిలబడ్డాను. నా చేతిలో చామంతులు. "సార్, అది తీయొద్దు" అంటే చాలు. ఆ మూడు మాటలు నాలుక మీదికి వచ్చాయి కూడా. ఆయన నన్ను చూశారు.

"చూడమ్మా, ఎంత మురికి పట్టించావో," అన్నారు. "వస్తువును ఇలాగేనా ఉంచేది? అందుకే చెప్పాను, చేతిపని వేరు, సైన్సు వేరు."

నాలుక మీదికి వచ్చిన మాటలు మింగేశాను.

నెలల తరబడి పెంచిన పొర నురగతో కలిసి జారిపోయింది. దానికీ నాకూ ఏ పగా లేదు. అది నాకు గడియారం నడిపి పెట్టింది. ఆయన రెండోదాన్ని తీసుకున్నారు. నేను పూలు బల్ల మీద పెట్టి, క్యాంటీనుకు పోయి టీ తాగాను. ఇంకో టీ కూడా తాగాను. తిరిగి వచ్చేసరికి నాలుగూ కడిగేసి ఉన్నాయి, పసుపునీళ్ళలో ముంచి తీసి, ఆరబెట్టి. డబ్బాల మీద కుంకుమబొట్లు. సార్ హారతి ఇస్తుంటే నేనూ కళ్ళకు అద్దుకున్నాను. నాకు అంత భక్తి ఎప్పుడూ కలగలేదు.

మరుసటి రోజు పొద్దున్నే తాజా పేడనీళ్ళు నింపి, తీగలు బిగించమన్నారు. నింపాను, బిగించాను. చెప్పిన ప్రతి పనీ చేశాను. గడియారం తగిలించే పని మాత్రం వచ్చినవాళ్ళ ముందు తానే చేస్తానన్నారు.

కమిటీలో ముగ్గురు వచ్చారు. పెద్దామె నూలు చీర కట్టుకుని, చేతిసంచి వదలకుండా, ఎక్కడ కూర్చోమన్నా కూర్చోకుండా డబ్బాల చుట్టూ తిరిగింది. తెలుగులో కన్నడం కలిసిన మాట. సార్ చాలాసేపు మాట్లాడారు. పట్టుగూడు ఆలోచన తనకు ఎలా తట్టిందో చెప్పారు. కొలిమి గురించి చెప్పేటప్పుడు అది ఏ వీధిలో ఉందో కూడా చెప్పారు. నేను గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. నా వేసవి మొత్తం ఆయన నోట్లో నుంచి వస్తున్నది.

తర్వాత తీగలు గడియారానికి తగిలించారు. ముల్లు కదల్లేదు. తీగలు తీసి, గీకి, మళ్ళీ తగిలించారు. ముల్లు వణికింది, అక్కడే ఆగింది. మూడోసారి వణకడం కూడా మానేసింది. మీటరు పెట్టారు. అందులో అంకె చూసి చటుక్కున దాన్ని తన వైపు తిప్పుకున్నారు. ఆయన మెడ మీద చెమట కాలరు దాకా దిగడం నేను తీరిగ్గా చూశాను. ఎంత హాయిగా ఉండిందో దాచుకోవలసిన అవసరం నాకు లేదు.

"ఏమాయ్తండీ?" అంది పెద్దామె.

సార్ ఒకసారి డబ్బాల వైపు, ఒకసారి నా వైపు చూశారు. తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మాట నేను కలలో కూడా అనుకోలేదు.

"నిజానికి ఇవి నేను చేసినవి కావు మేడం. ఈ అమ్మాయే తయారుచేసింది, ఆలోచనా ఆమెదే. పల్లెటూరి పిల్ల, ఏదో ఉత్సాహపడుతోందని నేను ప్రోత్సహించాను. అంతా ఆమె చేతిమీదుగా జరిగిందే. నేను ముందే పరీక్షించి ఉండాల్సింది."

ఆ మాట కోసమే కదా నేను అన్ని నెలలు పళ్ళు నూరుకున్నది. పేపర్లో లేని నా పేరు, సెమినారులో లేని నా పేరు, పాడైపోయిన వస్తువు కింద ఇప్పుడు రాసి ఇచ్చేశారు. ముగ్గురూ నా వైపు తిరిగారు. ఒకాయన జాలిగా నవ్వాడు. వెంటనే ఇంకొకటి కూడా తెలిసొచ్చింది. ఈ మాటను ఆయన మళ్ళీ వెనక్కి తీసుకోలేరు.

ఆమె నన్ను అడిగింది. "నిజమేనా అమ్మా? నువ్వు చేసిందా?"

"నేను చేసిందే మేడం," అన్నాను. "మొత్తం నేనే చేసింది. సార్ ఇప్పుడు చెప్పింది అక్షరం అక్షరం నిజం."

"మరి యాకె నడవలేదు?"

"ఎలక్ట్రోడ్ బాగుండాది మేడం. దాని పైన జీవాలు పొరగా పట్టి ఉండె. కరెంటు ఇచ్చేది ఆ పొర. దాన్ని కడిగేసినారు. ఈ పొద్దు కొత్త పేడనీళ్ళు పోసినాం, మళ్ళా పొర పట్టేదానికి నెల పడతాది."

"కడిగేశారా? ఎవరు?"

నేను ఎవరి పేరూ చెప్పలేదు. సార్ చేతుల వైపు చూశానంతే. ఆయన గోళ్ళ సందుల్లో పసుపు ఇంకా పోలేదు. ఆమె కూడా అక్కడికే చూసింది. సార్ చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నారు.

ఆమె చేతిసంచి భుజానికి తగిలించుకుని, "నెల రోజులు కదా, మళ్ళీ వస్తాం," అంది. "ఈసారి ఈ అమ్మాయే చూపించాలి. వేరే ఎవరూ ముట్టుకోవద్దు."

ఆ నెల అంతా సార్ ల్యాబ్ ఛాయలకు రాలేదు. డబ్బాల మూతలు నేనే బిగించాను, రసం నేనే పోశాను. పసుపు మరక ఉన్న ఎలక్ట్రోడ్‌ల మీద మొదట్లో ఏమీ పట్టలేదు. భయపడ్డాను. ఈ కక్షతో నా పనిని నేనే చంపుకున్నానా అని రెండు రోజులు అన్నం సయించలేదు. పుంగనూరుకు పోయి, మా ఆవుల దగ్గర తాజా పేడ తెచ్చి, పసుపు వాసన పోయేదాకా ఎలక్ట్రోడ్‌లను ఉత్త నీళ్ళలో నానబెట్టి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మెల్లగా, ఒక మూల నుంచి, మట్టి రంగు జిగురు తిరిగి పట్టింది. వేలితో తాకి చూడాలనిపించేది, తాకలేదు.

వాళ్ళు మళ్ళీ వచ్చిన రోజు తీగ తగిలించగానే ముల్లు దూకింది. ఆమె తన చేతిగడియారం పక్కన పెట్టి, చాలాసేపు రెండింటినీ చూస్తూ కూర్చుంది. ఈసారి కూర్చుంది. సార్ వెనక నిలబడి ఉన్నారు. ముల్లు ఆగదని నమ్మకం కుదిరాక గొంతు సవరించుకుని, "మా ల్యాబ్‌లో మేము అభివృద్ధి చేసిన ఈ పద్ధతి..." అని మొదలుపెట్టారు.

ఆమె తల తిప్పకుండానే అంది. "పోయినసారి ఆలోచన కూడా ఈ అమ్మాయిదే అని చెప్పారు కదా మీరు. మేము అట్లే రాసుకున్నాం. జర్నల్‌కు పేపరు పంపేటప్పుడు ఆమె పేరే మొదట ఉండాలి. ప్రాజెక్టు సంగతి ఆమెతో మాట్లాడతాం."

సార్ ముఖం మాడిపోయింది. కాదనడానికి ఆయన దగ్గర ఒక్క మాట లేదు. ఉన్న మాటను నెల క్రితం తన నోటితోనే నాకిచ్చేశారు.

వాళ్ళను రైలెక్కించి వచ్చాక, నేను తీగలు సర్దుకుంటుంటే ఆయన ల్యాబ్ గడప దగ్గర నిలబడ్డారు. రుమాలు లేదు. గడియారం వైపు చూస్తూనే అడిగారు.

"ఆ రోజు నేను కడుగుతుంటే నువ్వు చూశావు. ఇక్కడే నిలబడి చూశావు. అలా చేస్తే పాడైపోతుందని నీకు తెలుసు. ఎందుకు చెప్పలేదు?"

ఎన్ని నెలలుగా ఎన్ని మాటలు పేర్చుకున్నానో, అవేవీ అక్కరలేకపోయాయి.

"ఎలక్ట్రోడ్ మీదే కదా సార్ అప్పుడు," అన్నాను. "చేసినోళ్ళకు తెల్దా అనుకుంటిని."

నేను డబ్బాల మూతలు ఇంకోసారి బిగించి చూసుకుని, ఆయన పక్క నుంచే బయటికి వచ్చి, తలుపుకు తాళం వేసే దాకా ఆయన అక్కడే నిలబడి ఉన్నారు.